ఇద్దరు పట్టే స్వెట్టరు

"తాళం ఎవరూ పగలగొట్టలేదు," అన్నారు మా ఆయన, తారామణిగారి ట్రంకుపెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని. "గీత కూడా పడలేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటది?"

తారామణిగారు భర్త వైపు చూశారు. విశ్వనాథంగారు చొక్కాలోకి చెయ్యి పోనిచ్చి, జంధ్యానికి వేలాడుతున్న తాళంచెవి బయటికి తీసి చూపించారు.

"స్నానం చేసినా, నిద్రపోయినా ఇక్కడే ఉంటుందండి. మా నాన్నగారి నుంచి వచ్చిన అలవాటు."

"అంటే మీకు తెల్వకుండ ఈ పెట్టె తెరవడం కుదరదు."

"కుదరదు," అన్నారాయన. అన్న తరవాత ఎందుకో తాళంచెవిని గబగబా లోపలికి దోపుకున్నారు.

నేను గుమ్మం పక్కన మోడా మీద కూర్చుని, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చూస్తున్నాను. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. డిటెక్టివ్ ఉమామహేశ్వర్ భార్యగా ఇది నా మొదటి కేసు. బయట డిసెంబరు చలి, చేతిలో వేడి కాఫీ, ఎదురుగా మొగుడు భూతద్దంతో తాళం పరీక్షిస్తున్నాడు. బి.ఏ. చదివిన మూడేళ్ళలో ఏ క్లాసులోనూ ఇంత శ్రద్ధగా కూర్చున్న గుర్తు లేదు.

సంగతి ఇది. విశ్వనాథంగారు మౌలాలి రైల్వే షెడ్డులో గుమస్తా. భార్య తారామణిగారికి ఊలు అల్లికలో గొప్ప చెయ్యి. అందరూ అల్లేవి అల్లడం కాదు, కొత్త పూలు, కొత్త అంచులు ఆవిడే కల్పించి, వాటిని ఎలా అల్లాలో వరసవరసా రాసి పెట్టుకుంటారు. ఆ రాతలన్నీ కలిపి 'ఊలు పూలు' అనే చిన్న పుస్తకంగా ఉప్పల్లో భూషణం ప్రెస్సులో అచ్చు వేయిస్తున్నారు. పుస్తకం సగం అచ్చయిందో లేదో, ఆబిడ్స్ నుంచి నోటీసు వచ్చింది. అందులో ఉన్న 'నెమలికన్ను స్వెట్టరు' శ్యామలాదేవి అనే రచయిత్రి పోయిన దీపావళికి అచ్చు వేసిన 'ఆధునిక అల్లికలు' నుంచి మాటకు మాట దొంగిలించినదట. ఇవాళ సాయంత్రం అయిదు లోపల, "ఇతరుల రచన నాదని చెప్పుకున్నందుకు చింతిస్తున్నాను" అన్న కాగితం మీద తారామణిగారు సంతకం పెట్టాలి. దాన్ని పేపర్లలో వేస్తారు. లేకపోతే కోర్టు.

"సంతకం పెట్టేస్తే పోతుంది కదండీ," అన్నారు విశ్వనాథంగారు. ఆ మాట ఆయన అనడం అది మూడోసారి.

"ఏం పోతుంది?" అన్నారు తారామణిగారు. గొంతు పెంచలేదు. "నా పేరు అచ్చులో పడడం ఇదే మొదలు. అది దొంగ పేరుగా పడాలా?"



"పోనీ, ఆ రాతకాగితాలు ఎవరికన్న సూపించిన్రా?" అడిగారు మా ఆయన. "చుట్టాలు, ఇరుగుపొరుగు?"

"స్వెట్టరు మా నాచారం అంతా చూసింది. రాత మాత్రం ఎవరికీ చూపించలేదు. తప్పులుంటాయని భయం. రెండు ప్రతులు రాసి పెట్టెలో పెట్టాను. మొన్న భూషణానికి ఇద్దామని తెరిస్తే ఒకటే ఉంది. రెండోది నేనే ఎక్కడో పెట్టి మరిచిపోయాననుకున్నాను."

"ఆ స్వెట్టరు ఏది?"

తారామణిగారు భర్త వైపు వేలు చూపించారు. విశ్వనాథంగారు తొడుక్కుని ఉన్నది అదే. ముదురాకుపచ్చ ఊలు, గుండె మీద నీలం నెమలికన్నులు. మనిషి ఇంచుమించు మా ఆయనంతే ఉంటారు, స్వెట్టరు ఒంటికి అచ్చులో పోసినట్టుంది.

దాన్ని చూసి నేను కాఫీ గ్లాసు వెనక మొహం దాచుకోబోయాను. ఆలస్యమైపోయింది. తారామణిగారి చూపు అప్పటికే మా ఆయన మీద పడింది.

ఎందుకంటే మా ఆయన తొడుక్కున్నదీ నెమలికన్ను స్వెట్టరే. శ్యామలాదేవి పుస్తకం కొనుక్కుని, సుల్తాన్ బజారులో కొత్త సూదులు కొనుక్కుని, పెళ్ళయిన మర్నాటి నుంచి నేను అల్లింది. పుస్తకంలో ఛాతీ ముప్పై ఆరు అంగుళాలని ఉంది. మా ఆయన ఛాతీ కూడా అంతే, నేనే కొలిచాను, రెండుసార్లు. తీరా పూర్తయ్యాక అది మోకాళ్ళ దాకా వేలాడింది. చేతులు నాలుగు మడతలు పెడితే కాని వేళ్ళు కనపడలేదు. "ఇద్దరం పడతం, చలికాలం ఇగ ఫికరే లేదు," అని ఆయన ఆ రోజు నుంచీ దాన్ని విప్పడం లేదు. ఉప్పల్ చౌరస్తాలో జనం తిరిగి చూస్తారు. ఆయనకి పట్టదు.

"ఎవరమ్మా అల్లింది?" అడిగారు తారామణిగారు.

"నేనేనండి. నా చెయ్యి వదులు."

ఆవిడ లేచి వచ్చి, మా ఆయన నడుం దగ్గర స్వెట్టరు అంచు పట్టుకుని పెదవులు కదుపుతూ లెక్కపెట్టారు. ఒక చివరి నుంచి రెండో చివరికి వచ్చేసరికి నుదురు ముడిపడింది.

"చెయ్యి వదులేమీ కాదు. ఎక్కడా ఒక్క కుట్టు తప్పలేదు. నేను ఎన్ని వేశానో నువ్వూ అన్నే వేశావు. మరి ఇంత ఎందుకయింది?"

నాకు ఎంత సంతోషం వేసిందంటే, వెంటనే సంచీలోంచి నా సూదులు తీసి చూపించాను. "ఇవేనండి, ఎనిమిదో నంబరు. పుస్తకంలో ఇవే రాశారు, లావు ఊలు వాడమన్నారు. మీరు ఏ నంబరు వాడారు?"

 తారామణిగారి చెయ్యి పక్కనున్న మంచం మీది బాలీసు కిందికి వెళ్ళి, అక్కడున్న దేన్నో ఇంకా లోపలికి నెట్టింది. మా ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నారు. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నారంటే కంటికి ఏదో చిక్కిందన్నమాట.

"అమ్మా, మీ సూదులు జర చూపెట్టున్రి."

"అవి... చూడ్డానికి బాగుండవండి."

"పర్వాలేదు."

ఆవిడ బాలీసు కింది నుంచి తీసి నా ఒళ్ళో పెట్టారు. సన్నటి ఉక్కు పుల్లలు రెండు. సైకిలు చక్రంలో ఉండే పుల్లలు. చివరలు మాత్రం రాతి మీద అరగదీసినట్టు మొనతేలి, వెన్నలా నునుపుగా ఉన్నాయి. నా సూదుల్లో సగం లావు కూడా లేవు. వాటికి వేలాడుతున్న ఊలూ దారమంత సన్నం.

"మావారి సైకిలు చక్రం మార్చినప్పుడు పుల్లలు దాచేదాన్ని," అన్నారు ఆవిడ సిగ్గుపడుతూ. "బజారు సూదులు కొనమన్నా నేనే వద్దన్నాను. ఇవి ఆయనే గచ్చు మీద అరగదీసి ఇచ్చారు. వీటికే చెయ్యి అలవాటయింది."

"మరి మీ రాతలో సూదుల గురించి ఏం రాసిన్రు?"

"'మామూలు సూదులు' అని రాశాను. చదువుకున్నవాళ్ళు చూస్తారు కదా, సైకిలు పుల్లలని ఎలా రాస్తామండీ?"

మా ఆయన నవ్వలేదు. విశ్వనాథంగారి వైపు తిరిగి, "మీకు ఒకటి అనిపియ్యలేదా సార్?" అన్నారు. "పొద్దుగాల నుంచి సంతకం పెడితే ఏమయితది, పెట్టకుంటే ఏమయితది అనే అడుగుతున్నరు. ఎవరు ఎత్తుకపోయిన్రని ఒక్కసారి గూడ అడగలే."

 తారామణిగారు వంటింట్లోకి గ్లాసులు తీసుకువెళ్తున్నారు, ఆ మాట వినలేదు.

"అడగాలని... తోచలేదండి," అన్నారు విశ్వనాథంగారు.

"నాలుగింటికి ప్రెస్సుకు రాండ్రి, ఇద్దరూ. ఆ స్వెట్టరు తొడుక్కునే రావాలె." తరవాత నా వైపు చూసి, "శారదా, ఆ పుల్లలు, ఆ ఊలు తీసుకో. నీకు పని పడ్డది," అన్నారు.

*

స్కూటరు వెనక కూర్చుంటే ఆ స్వెట్టరు వల్ల ఒక లాభం ఉంది. దాని అంచు ఎత్తి నా చేతులు రెండూ లోపల పెట్టుకోవచ్చు. అలా వెచ్చగా కూర్చుని, దారి పొడుగునా ప్రశ్నలు వేశాను.

"ఇదంతా ఆవిడ రాతే అయితే, నేను ఆ పుస్తకం చూసి అల్లడమూ దొంగతనమేనా?"

"కాదు. అల్లుకొమ్మనే కదా పుస్తకం వేస్తరు. నువ్వు అల్లుకో, తొడుక్కో, మొగునికి తొడుగు. ఆ రాతను మళ్ళ అచ్చుకొట్టి అమ్ముకోకు."

"నెమలికన్ను కుట్టు ఎవరిది?"

"ఎవరిదీ కాదు. సీదా, ఉల్టా, జడ, కన్ను, ఇవన్నీ బాయిలో నీళ్ళ లెక్క. ఎవరన్న తోడుకోవచ్చు. గని ఎట్ల అల్లాల్నో చెప్పనీకి ఒకరు రాసిన మాటలున్నయి సూడు, గీసిన గళ్ళ బొమ్మ ఉన్నది సూడు, అవి వాళ్ళవి. యాభై ఏడు నాటి కాపీరైటు చట్టం అదే చెప్తది."

మా ఆయన లా కాలేజీలో ఒక్క ఏడాది చదివి మానేశారు. ఆ ఒక్క ఏడాదీ ఎంత బాగా చదివారో అని నాకు మురిపెం.

"మరి ఆవిడ ఎక్కడా రిజిస్టరు చేయించలేదు కదండీ."

"చెయ్యకున్నా రాసినప్పటి సందే హక్కు ఉంటది. రిజిస్టరు చేస్తే రుజువుకు అక్కరకొస్తది, గంతే. అసలు చిక్కు అదే. వాళ్ళ పుస్తకం ముందుగాల అచ్చయింది. ముందు అచ్చయిందే ముందు రాసిందని లోకం అనుకుంటది."

"కాదని ఎలా చూపిస్తారు?"

"నేను చూపియ్య," అన్నారు స్కూటరు ఆపుతూ. "నువ్వే చూపిస్తవు. నలభై కుట్లు ఆ పుల్లల మీద వెయ్యి. మళ్ళ నలభై నీ సూదుల మీద, నీ ఊలుతో. ఇద్దరు పట్టే స్వెట్టరు అల్లిన చేతితోనే."

*

భూషణం ప్రెస్సు రెండు గదులు. ఒకదాంట్లో అచ్చుయంత్రం, రెండోదాంట్లో అక్షరాల అరలు. మా ఆయన అచ్చయిన కాగితాల కట్టలు, ఇంకా విప్పని సీసపు అక్షరాల పేజీలు ఒకదాని తరవాత ఒకటి చూస్తుంటే, భూషణం ఆయన వెనకాలే తిరుగుతున్నాడు.

"ఉమన్నా, ఆ రాతకాగితాలు నేనయితే ఎవ్వరికి సూపియ్యలే. ఆ అమ్మ కాగితాలు తెచ్చింది, నేను అచ్చరాలు పేర్చిన. గంతే."

"నెమలికన్ను పేజీ అచ్చయిందా?"

"లేదు. ఆబిడ్స్ పుస్తకాల దుకాణానికి మచ్చుకు ప్రూఫు ఒకటి పంపిన, అంతల నోటీసు వచ్చిందని ఆపిన. అగో, ఆ బల్ల మీదున్నది." నా వైపు తిరిగి, "ఒదినె, గవేంది, సైకిలు పుల్లలా? అన్న స్కూటరుకు పంచరైందా?" అన్నాడు.

"మీ అన్నకి మరో స్వెట్టరు అల్లుతున్నాను," అన్నాను కళ్ళు ఎత్తకుండా.

"ఒద్దొదినె. ఉన్నదాంట్లనే ఇంక జాగ ఉన్నది."

నాకు నవ్వొచ్చి ఒక కుట్టు జారిపోయింది. మళ్ళీ ఎత్తుకున్నాను. పుల్లలు మొదట చల్లగా, జారుడుగా ఉన్నాయి. కాసేపటికి వేళ్ళు వాటిని పోల్చుకున్నాయి. నా సూదుల మీద కుట్లు సోఫాలో కూర్చున్నట్టు విశాలంగా కూర్చుంటే, ఈ పుల్లల మీద బస్సులో కూర్చున్నట్టు ఒదిగి కూర్చున్నాయి. మా ఆయన ఆలోచన ఎటు పోతోందో నాకు అప్పుడు తెలిసిపోయింది. చెప్పాలని నాలుక దురద పెట్టింది. ఆయన కనుబొమ్మ ఎత్తి వద్దన్నారు.

నాలుగింటికి తారామణిగారు, విశ్వనాథంగారు రిక్షా దిగారు. వాళ్ళ వెనకే ఒక నల్ల కారు వచ్చి ఆగింది.

అందులోంచి దిగిన మనిషిని నేను ఫొటోల్లోనే చూశాను. డిటెక్టివ్ చలపతిరావు. పోలీసు ఉద్యోగం చేసి రిటైరయ్యి, ఆబిడ్స్‌లో ఆఫీసు తెరిచాడు. నల్ల కళ్ళద్దాలు, టై, చంకలో తోలు సంచి. శ్యామలాదేవి పుస్తకం వేసిన పరంధామయ్య ఈయన్నే పెట్టుకున్నాడట.

"ఏం అబ్బాయ్, బాగున్నావా?" అన్నాడు మా ఆయన్ని పైనుంచి కిందకి చూసి. "ఇదేం వేషం? ఏజెన్సీతో పాటు డేరా కూడా నడుపుతున్నావా?"

"కూసోండ్రి చలపతిరావుగారూ. మీ కోసమే తొడుక్కొచ్చిన."

"కూర్చునే తీరిక లేదు. అమ్మా, మీరేనా తారామణి? సంతకం ఇక్కడ. పెట్టేస్తే అందరం ఇళ్ళకి పోవచ్చు." సంచీలోంచి కాగితం తీసి, అక్షరాల బల్ల మీద పరిచాడు. కలం మూత కూడా తనే తీసి పెట్టాడు.

తారామణిగారు ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. కాని చూపు మాత్రం అందులో తన పేరు ఉన్న చోట ఆగిపోయింది.

"రెండు పుస్తకాలల్ల మాటలు ఒక్కటేనా?" అడిగారు మా ఆయన.

"కామాతో సహా ఒక్కటే. కుట్టు ఎవరిదీ కాదని నువ్వు లా చెబుతావని తెలుసు. నేను కుట్టు గురించి మాట్లాడ్డం లేదు, మాటల గురించి మాట్లాడుతున్నాను."

"నేనూ గదే మాట్లాడుతున్న. ఒక్క మాట తేడా ఉన్నది. ఈమె 'మామూలు సూదులు' అని రాసింది. మీ పుస్తకంల 'ఎనిమిదో నంబరు సూదులు, లావు ఊలు' అని ఉన్నది."

"అయితే?"

"అయితే ఇటు రాండ్రి." మా ఆయన స్వెట్టరు అంచు ఎత్తారు. "భూషణం, నువ్వు గూడ రా. లోపలికి."

భూషణం ఒక్క క్షణం చూసి, కింది నుంచి దూరాడు. రెండు తలలు ఒకే మెడలోంచి బయటికి వచ్చాయి. ఇంకా చేతికి జాగా మిగిలింది. తారామణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంత దిగులులోనూ ఆవిడ భుజాలు కదలడం నాకు కనిపించింది.

"మీ పుస్తకం చెప్పిన సూదులు, మీ పుస్తకం చెప్పిన ఊలు, మీ పుస్తకం చెప్పిన లెక్క," అన్నారు మా ఆయన స్వెట్టరులోంచే. "ఛాతీ ముప్పై ఆరు అని రాసిన్రు. కొలుచుకోండ్రి."

చలపతిరావు నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. "కొత్త పెళ్ళికూతురు కదా. ధ్యాస సూదుల మీద ఉండదు. చెయ్యి వదులు."

 నేను లేచి, ఒళ్ళో ఉన్న రెండు ముక్కలూ ఆ క్షమాపణ కాగితం మీదే పక్కపక్కన పరిచాను.

"రెండిట్లోనూ నలభై కుట్లే ఉన్నాయి. లెక్కపెట్టుకోండి," అన్నాను. "చెయ్యి ఒక్కటే, ధ్యాస ఒక్కటే. ఇది మీ పుస్తకం చెప్పిన సూదులతో అల్లింది. ఇది తారామణిగారి సైకిలు పుల్లలతో."

నా సూదుల ముక్క పక్కన పుల్లల ముక్క తల్లి పక్కన బిడ్డలా ఉంది. సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

చలపతిరావు కళ్ళద్దాలు తీసి చూశాడు. నిజంగానే లెక్కపెట్టాడు, వేలితో. ఆ ఒక్క పనికి నాకు ఆయన మీద కొంచెం గౌరవం కలిగింది.

మా ఆయన స్వెట్టరులోంచి భూషణాన్ని బయటికి తోసి ముందుకు వచ్చారు. "ఆ లెక్క సైకిలు పుల్లలకే కుదురుతది. విశ్వనాథంగారి ఒంటి మీద సూడున్రి, ఎట్ల కూసున్నదో. మీ పుస్తకం రాసినామె ఆ స్వెట్టరు ఎన్నడూ అల్లలేదు. 'మామూలు సూదులు' అని చదివి, ఇంగ్లీషు పుస్తకాలల్ల ఉండే నంబరు ఒకటి తగిలించింది. పోనీ నా మాట తప్పనుకుందాం. శ్యామలాదేవిగారిని పిలవండ్రి. ఈడనే కూసుని, ఎనిమిదో నంబరుతోని ముప్పై ఆరు అంగుళాలది మొదలుపెట్టమనున్రి. కొలత కుదిరితే తారామణమ్మ సంతకం పెడతది."

"ఆవిడ ఊళ్ళో లేరు."

"ఎప్పుడొస్తరు?"

"కనుక్కోవాలి."

"మీరు ఎన్నడన్న సూసిన్రా ఆమెను?"

చలపతిరావు కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"సూడకుండనే ఆమె తరపున ఒకామెను దొంగ అంటున్రు," అన్నారు మా ఆయన మెల్లగా. "ఇరవై ఏండ్లు పోలీసుల పనిచేసిన్రు. సాక్షిని సూడకుండ కేసు రాసిన్రా ఎన్నడన్న?"

ఆ మాట తగిలింది. మెడ దాకా ఎర్రబడిపోయాడు.

"సరే అబ్బాయ్. ఆవిడే రాసిందనుకో. అయితే ఏమిటి? ఆ కాగితాలు మా పరంధామయ్య దొంగిలించలేదు. ఆవిడ మొగుడే తెచ్చి ఇచ్చాడు. రెండేళ్ళ కిందట, స్వయంగా, అచ్చు వేయండని. అడుగు, ఎదురుగానే ఉన్నాడుగా."

అచ్చుయంత్రం ఆగి ఉంది. అయినా ఏదో పెద్ద చప్పుడు అప్పుడే ఆగినట్టు అనిపించింది.

తారామణిగారు భర్త వైపు తిరిగారు. "ఏమండీ?"

విశ్వనాథంగారి చెయ్యి జంధ్యం దగ్గరికి వెళ్ళింది. "నీకు చెప్పకుండా అచ్చు వేయించి, పుస్తకం నీ చేతిలో పెడదామనుకున్నాను," అన్నారు. "ఆయన చదివి, పేరులేని ఆడవాళ్ళ పుస్తకాలు ఎవరు కొంటారయ్యా అన్నాడు. కాగితాలు ఉండనీ, చూద్దామన్నాడు. నాలుగుసార్లు వెళ్ళాను. కనపడలేదన్నాడు. నీ రాత పారేశానని నీకు ఎలా చెప్పను? ఈ నోటీసు వచ్చాక ఇంకా భయమేసింది. నేనే ఇచ్చానని తేలితే కేసు నీ మీదకే వస్తుందనుకున్నాను."

ఆవిడ భర్త చేతుల వైపు చూశారు. తరవాత, "నా పుల్లలు అరగదీసి ఇచ్చిన చేతులే," అన్నారు. 

"చూశావా?" అన్నాడు చలపతిరావు. "భర్త ఇచ్చాడు. ఇంకేం కావాలి?"

"ఆమె సంతకం కావాలె," అన్నారు మా ఆయన.

"భర్త ఇచ్చాడంటుంటే..."

"భర్త భర్తనే. రాసింది భార్య. హక్కు రాసినవాళ్ళది. అది ఇంకొకరికి పోవాల్నంటే రాసినామె, లేకుంటే ఆమె ఒప్పుకొని పంపినవాళ్ళు, కాగితం మీద సంతకం పెట్టాలె. నోటిమాట చెల్లదు. మొగుడు కదా అని ఇచ్చిండు, మొగుడు కదా అని తీసుకున్రు. మనోళ్ళందరు చేసే తప్పే. ఉన్నదా ఆమె సంతకం మీ తాన?"

చలపతిరావు తోలు సంచి వైపు చూశాడు. తెరవలేదు.

"ఇంకొకటి," అన్నారు మా ఆయన. "పొద్దుగాల నుంచి నా దగ్గర ఒక్క రుజువు తక్కువుండె. ఈమె రాత మీ పుస్తకంలకు ఎట్ల పోయిందో నాకు అనుమానమే గని రుజువు లేదు. ఇప్పుడు మీరే చెప్పిన్రు, నలుగురి ముందట. షుక్రియా."

చలపతిరావు ఆ కలాన్ని తీసుకుని, మూత పెట్టి, జేబుకు తగిలించుకున్నాడు. క్షమాపణ కాగితం మీద నుంచి నా ముక్కలు రెండూ జాగ్రత్తగా పక్కకి తీసి, కాగితాన్ని నిలువుగా రెండు చేశాడు.

"అబ్బాయ్," అన్నాడు గుమ్మం దగ్గర ఆగి, వెటకారమో నిజమో నాకు తెలియని గొంతుతో. "నాక్కూడా శ్యామలాదేవిని చూడాలనుంది. దొరికితే చెబుతాను." కారు వెళ్ళిపోయింది.

అయిదు కావడానికి ఇంకా వ్యవధి ఉంది. తారామణిగారు బల్ల మీద ఉన్న సీసపు పేజీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

"భూషణం, ఇందులో ఒక మాట మార్చాలి. 'మామూలు సూదులు' తీసెయ్యి. 'సైకిలు పుల్లలు' అని పెట్టు."

"గట్లనే పెట్టాల్నా అమ్మా?"

"అలాగే పెట్టు. చివరలు ఎలా అరగదియ్యాలో మావారు చెబుతారు. ఆ నాలుగు వాక్యాలు ఆయన పేరు మీద వెయ్యి. ఆయన సంతకం తీసుకో. ఈసారి అడిగే వేద్దాం."

విశ్వనాథంగారు కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకున్నారు. భూషణం అక్షరాల అరలోంచి 'సై' వెతుకుతున్నాడు.

నేను సామాను సంచీలో సర్దుకుంటూ, శ్యామలాదేవి పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఎంత మురిసిపోతూ కొన్నాను దీన్ని. అట్ట మీద గులాబీ రంగు ఊలు ఉండ. పేజీలు తిప్పుతుంటే ఒకచోట చెయ్యి ఆగిపోయింది. ఆగకుండా ఉంటే బాగుండేదేమో, ఎందుకంటే ఆ పేజీ సంగతి మా ఆయనకి ఇంకా తెలియదు.

"ఏంది శారదా, అట్ల ఎర్రబడ్డవు?"

"ఏం లేదు."

"నువ్వు ఏం లేదన్నవంటే ఉన్నదన్నట్టే."

సంచీ అడుగున, రుమాల్లో చుట్టి దాచిన వాటిని తీసి, ఆయన అరచేతిలో పెట్టాను. పసిపిల్లల మేజోళ్ళు, తెల్లవి. ఊరికే అల్లాను, ముందు చూపుతో. ఆయన బొటనవేలికి తొడుక్కునేంత ఉన్నాయి. అంతకంటే పెద్దవి కావు. ఏ పసివాడి కాలికీ పట్టవు.

ఆయన మేజోళ్ళను చూశారు, నన్ను చూశారు. డిటెక్టివ్ మొహం ఒక్కసారిగా కొత్త పెళ్ళికొడుకు మొహమైపోయింది.

"ఇవి గూడ ఆ పుస్తకంలవేనా?" అని అడిగారు.

"అవునండి. అప్పుడు నా చెయ్యి బిగువనుకున్నాను. స్వెట్టరుకి వదులు, మేజోళ్ళకి బిగువు. ఒకే చెయ్యి రెండూ ఎలా అవుతుందండీ?"

తారామణిగారు ఒక మేజోడు తీసుకుని, దీపం కిందకి తీసుకువెళ్ళి, మడమ తిరిగే చోట వేలు పెట్టి చూశారు.

"ఇది నా రాత కాదు," అన్నారు. "నేను మడమ ఇలా తిప్పను. ఇది ఇంకెవరో చాలా లావు సూదులతో అల్లేవాళ్ళది. వెదురు పుల్లలేమో. వాళ్ళూ 'మామూలు సూదులు' అనే రాసుంటారు."

పుస్తకం ఆవిడ చేతిలోకి వెళ్ళింది. టోపీ, శాలువా, మఫ్లరు, ఒక్కొక్క పేజీ తిప్పుతూ ఆవిడ కుట్ల లెక్కలు చదువుతుంటే మేమంతా చుట్టూ నిలబడ్డాం.

"ఈ శాలువా అల్లింది ఎడమచేతివాటం మనిషి," అన్నారు. "ఈ టోపీ రాసినావిడకి చలిదేశం తెలుసు. చెవులు కప్పింది. ఏ రెండూ ఒక చేతివి కావమ్మా."

మా ఆయన మేజోళ్ళను రుమాల్లో చుట్టి, నాకు ఇవ్వకుండా తన చొక్కా జేబులో, గుండె మీద పెట్టుకున్నారు. దాని మీదికి స్వెట్టరు లాక్కున్నారు. అప్పుడు పుస్తకం అట్ట తిప్పి, దాని మీద ఉన్న పేరు చదివారు.

"శ్యామలాదేవి," అన్నారు. "ఇంతమంది ఆడోళ్ళ పేర్లు తీసేస్తే మిగిలిన పేరు."